దక్షిణాఫ్రికా యాత్ర: అడవిని ఒక రోజు, చరిత్రను ఒక రోజు చూడటం సాధ్యమేనా?

బాటసారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వచ్చే వేసవి సెలవుల్లో, అంటే మే నెలాఖరు నుంచి జూన్ మధ్య వరకు, మా కుటుంబం దక్షిణాఫ్రికాకు వెళ్లాలని నిశ్చయించుకుంది. నా భార్యకూ ఇద్దరు పిల్లలకూ వన్యప్రాణులంటే మహా ఇష్టం. మాతో వస్తున్న మా మామగారు ఉన్నత పాఠశాలలో చరిత్ర బోధించి పదవీ విరమణ చేశారు. ఆయన మనసంతా మండేలాను బంధించిన రాబెన్ దీవి మీద, జోహాన్నెస్‌బర్గ్ దగ్గరి నల్లజాతివారి వాడ సొవెటో మీద, గాంధీని రైలు నుంచి దింపేసిన పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్ మీద ఉంది. మేము సంప్రదించిన ట్రావెల్ ఏజెంటు ఈ రెండు కోరికలనూ రెండు గదుల్లో పెట్టినట్టు ఒక పథకం తయారు చేసి పంపాడు. క్రూగర్ జాతీయ పార్కులో కొన్ని రోజులు, డ్రేకెన్స్‌బర్గ్ పర్వతాల్లో కొన్ని రోజులు, కేప్‌టౌన్‌లో కొన్ని రోజులు ప్రకృతికి కేటాయించి, "చరిత్ర" అనే శీర్షిక కింద జోహాన్నెస్‌బర్గ్‌లో ఒక పూట, కేప్‌టౌన్‌లో ఒక పూట ఇచ్చాడు.

ఆ పథకం చూసినప్పటి నుంచి నాకు ఏదో వెలితిగా ఉంది. అయితే ఆ వెలితి ఎక్కడ ఉందో నాకే స్పష్టంగా తెలియడం లేదు. చరిత్రకు ఇంకో రెండు పూటలు కలిపితే సరిపోతుందా, లేక విభజనలోనే పొరపాటు ఉందా? మరో సందేహం కూడా ఉంది. వేలాదిమంది కష్టపడిన చోట్లకు టికెట్టు కొనుక్కుని, ఫొటోలు తీసుకుని, మధ్యాహ్నానికి హోటలు చేరుకోవడం ఎంతవరకు సబబు? ఆ దేశంలో తిరిగినవారు గానీ, అక్కడ నివసిస్తున్నవారు గానీ తమ అభిప్రాయం చెప్తే, పథకాన్ని మళ్లీ మొదటి నుంచి వేసుకుంటాను. కారు అద్దెకు తీసుకుని మేమే నడుపుకోవాలని మా ఆలోచన.

పాతపటం

బాటసారి గారూ, లోపం విభజనలోనే ఉందని నా అభిప్రాయం. దక్షిణాఫ్రికాలో మనిషి జాడ లేని అడవిగా మనకు చూపించే చోట్లలో చాలావాటిని, అక్కడున్న మనుషులను పంపించివేసి అలా తయారు చేశారు. కనుక క్రూగర్‌లో సింహాన్ని చూస్తున్న రోజు కూడా మీ మామగారికి చరిత్ర రోజే అవుతుంది, చూడవలసినదేమిటో ముందే తెలిసి ఉంటే.

క్రూగర్‌నే తీసుకోండి. 1898లో సాబీ అభయారణ్యంగా మొదలై, 1926 చట్టంతో జాతీయ పార్కుగా మారి, ఆ మరుసటి ఏడాది నుంచి సందర్శకులను అనుమతించిన ఈ అడవి వైశాల్యం 19 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. 1902లో మొదటి వార్డెన్‌గా వచ్చిన జేమ్స్ స్టీవెన్సన్ హామిల్టన్ వేటను అదుపు చేసి జంతుజాలాన్ని నిలబెట్టాడన్నది నిజమే, ఆ పనిలో భాగంగానే అక్కడ పశువులు మేపుకుంటూ, పంటలు పండించుకుంటూ ఉన్న ప్రజలను బయటికి తరలించాడన్నదీ నిజమే. ఉత్తరాన లింపోపో, లువువ్హు నదులు కలిసే పఫూరి ప్రాంతంలో మకులేకె ప్రజలు 1969 వరకు ఉన్నారు. ఆ ఏడు ప్రభుత్వం వారిని బలవంతంగా ఖాళీ చేయించి, ఆ భూమిని పార్కులో కలిపేసింది. తమ గుడిసెలకు తామే నిప్పు పెట్టుకోవలసి వచ్చిందని ఆనాటివారు చెప్పారు.

వర్ణవివక్ష పాలన ముగిసిన తరువాత మకులేకె సమాజం దావా వేసి, 1998లో సుమారు 24 వేల హెక్టార్ల భూమిని తిరిగి సంపాదించుకుంది. అయితే వారు అక్కడికి మళ్లీ కాపురాలకు వెళ్లలేదు. భూమి తమదేనన్న హక్కును నిలుపుకుని, దానిని పార్కులోనే కొనసాగనిచ్చి, పార్కు యంత్రాంగంతో కలిసి నిర్వహిస్తూ, అక్కడి పర్యాటక విడుదుల ద్వారా ఆదాయం పొందే మార్గాన్ని ఎంచుకున్నారు. ఇది అందరికీ సంతోషం కలిగించిన పరిష్కారమని నేను చెప్పను, ఎందుకంటే సొంత భూమిలో సాగు చేసుకోలేని హక్కు ఎంత పూర్తి హక్కో ఎవరికి వారే ఆలోచించుకోవాలి. కానీ ఆ దేశంలో న్యాయం ఏ రూపంలో తిరిగి వస్తోందో, ఎంతవరకు వస్తోందో చూడటానికి పఫూరి కంటే మంచి చోటు నాకు తెలియదు. జ్వరవృక్షాలని పిలిచే పసుపుపచ్చ బెరడు చెట్ల అడవి, బావొబాబ్ చెట్లు మీ భార్యకూ పిల్లలకూ నచ్చుతాయి, పక్షులు దక్షిణ భాగంలో కంటే అక్కడే ఎక్కువ రకాలు కనిపిస్తాయి. అదే ప్రాంతంలో తులమేలా అనే రాతిగోడల పురాతన నివాసం ఉంది, దానిని పార్కు గైడుతో మాత్రమే చూడాలి. ఫలబోర్వా ద్వారానికి దగ్గరలో ఇనుము కరిగించిన మసొరీని గ్రామాన్ని పునర్నిర్మించి ఉంచారు, దానికి మాత్రం కారులో నేరుగా వెళ్లవచ్చు.

ఇంకొంచెం పడమటికి వెళ్లగలిగితే, లింపోపో, షాషె నదుల సంగమం దగ్గర మపుంగుబ్వె ఉంది. 13వ శతాబ్దంలో ఆ గుట్టమీద ఒక రాజ్యం నడిచింది. బంగారు రేకుతో చేసిన చిన్న ఖడ్గమృగం 1930లలో అక్కడి సమాధుల్లో బయటపడింది, దానితోపాటు హిందూ మహాసముద్రం మీదుగా మన దేశం నుంచి వెళ్లిన గాజుపూసలు కూడా దొరికాయి. తెల్లవారు రాకముందు ఆ నేల ఖాళీగా ఉండేదని పాఠ్యపుస్తకాలు చెప్తున్న కాలంలో ఈ ఆధారాలు ప్రజల దృష్టికి పెద్దగా రాలేదు. సమాధుల్లోంచి తీసిన అస్థికలను 2007లో తిరిగి అక్కడే ఖననం చేశారు. మీ మామగారు ఇష్టపడే చోటు ఇదే అవుతుందని నా ఊహ, పైగా అక్కడ ఏనుగులు కూడా తిరుగుతాయి.

డ్రేకెన్స్‌బర్గ్ సంగతి మరీ చిక్కుగా ఉంటుంది. ఆ కొండగుహల్లో వేట మీద బతికిన ఆదివాసులైన సాన్ ప్రజలు వేల సంఖ్యలో శిలాచిత్రాలు గీశారు, వాటిలో ఎలాండ్ అనే పెద్ద దుప్పి ఎక్కువగా కనిపిస్తుంది. 19వ శతాబ్దంలో వలస ప్రభుత్వం ఆ సాన్‌లు పశువులను ఎత్తుకుపోతున్నారని, వారికి అడ్డుగోడగా హ్లూబి తెగవారిని 1849లో ఆ కొండల పాదాల దగ్గర స్థిరపరిచింది. 1873లో అదే హ్లూబి తెగవారు కింబర్లీ వజ్రాల గనుల్లో పని చేసి సంపాదించుకున్న తుపాకులను నమోదు చేయించాలన్న ఆజ్ఞకు లొంగకపోవడంతో, వారి నాయకుడు లంగలిబలెలెను వెంటాడి పట్టుకుని, విచారణ జరిపి, రాబెన్ దీవికి పంపింది. ఆ తెగ భూములనూ పశువులనూ లాక్కుంది. జయంట్స్ కాసిల్ ప్రాంతంలో గుహ చూసి, తలెత్తి ఆ కనుమలను చూసినప్పుడు, ముందు ఒకరిని అడ్డుపెట్టి ఇంకొకరిని తరిమిన పద్ధతి అంతా ఒకే కొండ మీద చదువుకోవచ్చు. మండేలాకు దాదాపు తొంభై ఏళ్ల ముందే రాబెన్ దీవి రాజకీయ ఖైదీల చెర అని తెలిసి అక్కడికి వెళ్లడం వేరు, తెలియక వెళ్లడం వేరు.

కేప్‌టౌన్‌లో కర్‌స్టెన్‌బాష్ ఉద్యానవనం మీ ఏజెంటు పథకంలో "ప్రకృతి" కింద ఉండే ఉంటుంది. అందులో అడవి బాదం చెట్ల పాత కంచె ఒకటి ఇప్పటికీ బతికి ఉంది. డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ తరఫున వచ్చిన యాన్ వాన్ రీబీక్, ఖొయ్‌ఖొయ్ పశుపాలకులను తమ సాగుభూముల్లోకి రానివ్వకుండా 1660లో దానిని నాటించాడు. ఆ ఉద్యానవనాన్ని 1913లో స్థాపించారు. నల్లజాతివారు దేశ భూభాగంలో సుమారు 7 శాతంలో తప్ప మరెక్కడా భూమి కొనరాదని శాసించిన భూమి చట్టం వచ్చినది కూడా ఆ ఏడాదే. 1936లో ఆ వాటాను 13 శాతం వరకు పెంచారు. దక్షిణాఫ్రికా ప్రకృతి దృశ్యాల్లో ఎక్కడ పొలాలు విశాలంగా ఉన్నాయో, ఎక్కడ ఇళ్లు కిక్కిరిసి గుట్టలు కోతకు గురై ఉన్నాయో గమనిస్తూ కారు నడిపితే, ఆ చట్టం అంచులు కిటికీలోంచే కనిపిస్తాయి.

కొండగాలి

పాతపటం గారి మాటలతో నాకు చాలావరకు ఏకీభావమే. కానీ పిల్లలతో, పెద్దాయనతో ప్రయాణిస్తున్న కుటుంబానికి ఆ జాబితా మొత్తం అప్పగిస్తే వారి సెలవంతా కారులోనే గడిచిపోతుంది. జోహాన్నెస్‌బర్గ్ నుంచి కేప్‌టౌన్‌కు రోడ్డు మార్గం దాదాపు 1400 కిలోమీటర్లు. క్రూగర్ ఒక్కటే ఉత్తర దక్షిణాలుగా సుమారు 360 కిలోమీటర్ల పొడవు ఉంటుంది, అందులో తారు రోడ్డు మీద గంటకు 50, మట్టి రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. సూర్యాస్తమయానికి ద్వారాలు మూసేస్తారు, ఆలస్యంగా చేరినవారికి జరిమానా పడుతుంది. పఫూరిలో ఉదయం బయలుదేరి దక్షిణాన ఉన్న స్కుకూజాలో రాత్రికి దిగుదామనుకోవడం అయ్యే పని కాదు. కాబట్టి ఉత్తరమా, దక్షిణమా అన్నది ముందే తేల్చుకోండి. పిల్లలకు సింహాలు, చిరుతలు తొందరగా కనిపించాలంటే దక్షిణ భాగమే మేలు. ఉత్తరాన జనం తక్కువ, జంతువులు కూడా అక్కడక్కడా ఉంటాయి, ఓపిక కావాలి.

మీరు ఎంచుకున్న నెలల గురించి ఒక మాట. మే, జూన్ అక్కడ చలికాలపు ఆరంభం. క్రూగర్‌లో అది వానలు లేని కాలం కనుక గడ్డి ఎండి, నీటి గుంటల దగ్గరికి జంతువులు చేరి, చూడటానికి అనుకూలంగా ఉంటుంది. దోమలూ తగ్గుతాయి, అయినా అది మలేరియా ప్రాంతమే కనుక వెళ్లేముందు డాక్టరును అడిగి మందుల విషయం నిర్ణయించుకోవాలి. తెల్లవారుజామున పైకప్పు లేని బండిలో వెళ్తే చలి ఎముకలు కొరుకుతుంది, మన దగ్గర రోహిణికార్తెలో బయలుదేరినవారికి అది నమ్మశక్యంగా ఉండదు కనుక ఉన్ని బట్టలు సర్దుకోండి. అదే కాలంలో కేప్‌టౌన్‌లో మాత్రం వానలు, గాలులు. రాబెన్ దీవికి వెళ్లే పడవలు వాతావరణం బాగా లేకపోతే ఆగిపోతాయి. అందువల్ల కేప్‌టౌన్ చేరిన మరునాటికే దీవి టికెట్టు తీసుకుని, తరువాతి రోజులను ఖాళీగా ఉంచుకుంటే, ఒకరోజు రద్దయినా ఇంకో రోజు వెళ్లే వీలుంటుంది. తిరుగు ప్రయాణం రోజుకు పెట్టుకోవద్దు.

కారు విషయంలో భయపడనవసరం లేదు. అక్కడ కూడా ఎడమవైపే నడుపుతారు, ప్రధాన రహదారులు చక్కగా ఉంటాయి. లైసెన్సుతోపాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా దగ్గర ఉంచుకోండి, అద్దె సంస్థలు అడగవచ్చు. నాలుగు దారుల కూడలిలో ముందు వచ్చి ఆగినవారు ముందు వెళ్తారు, ఈ మర్యాదను అక్కడ అందరూ పాటిస్తారు. చీకటి పడ్డాక ఊళ్ల మధ్య ప్రయాణం వద్దు, నేరాల భయం ఒక కారణమైతే, దారిమీద తిరిగే పశువులూ గుంతలూ మరో కారణం. కారులో సంచులు కనిపించేలా వదిలి దిగకండి.

ఇక పాతపటం గారి వాదనలో నాకు నచ్చనిది ఒకటి చెప్తాను. ప్రతి చెట్టు వెనుకా ఒక అన్యాయాన్ని వెతుక్కుంటూ పోతే, ఆ నేలను తమదిగా ప్రేమిస్తూ ఇవాళ అక్కడ పని చేస్తున్న మనుషులు మన కంటికి ఆనరు. క్రూగర్‌లో, దర్బన్‌కు ఉత్తరాన ఉన్న హ్లుహ్లువె ఇంఫొలొజీ అభయారణ్యంలో అడుగుజాడలు పట్టే గైడులు, గస్తీ సిబ్బంది చాలామంది ఆ చుట్టుపక్కల గ్రామాలవారే. 19వ శతాబ్దం చివరికి వేళ్లమీద లెక్కించదగిన స్థితికి చేరిన దక్షిణాది తెల్ల ఖడ్గమృగాలు నిలిచింది ఇంఫొలొజీలోనే, 1960లలో అక్కడి నుంచి వాటిని పట్టి ఇతర అడవులకు, దేశాలకు పంపడంవల్లనే ఈ జాతి మళ్లీ విస్తరించింది. ఒకప్పుడు జూలూ రాజుల వేటభూమి అయిన ఆ అడవిని 1895లో అభయారణ్యంగా ప్రకటించారు. అంటే వలసపాలన చేసిన పనే ఇది కూడా. దానిని మంచి కింద రాయాలా, చెడు కింద రాయాలా అని తేల్చకుండానే అక్కడ ఒక ఉదయం గైడుతో కాలినడకన తిరగడం మంచిది. ఆ నడకలకు చిన్నపిల్లలను అనుమతించరు, కాబట్టి పిల్లలతో విడిదిలో ఎవరు ఉండాలో వంతులు వేసుకోండి.

దర్బను తెలుగు

నేను దర్బన్‌లో స్థిరపడిన తెలుగువాణ్ణి. ఇక్కడివారు మీ ప్రశ్నను ఎలా చూస్తారో చెప్పడానికి రాస్తున్నాను. మీ ఏజెంటు పథకంలో మా క్వాజూలు నేటాల్ రాష్ట్రం డ్రేకెన్స్‌బర్గ్‌తో ముగిసిపోయిందని గమనించాను. తెలుగు కుటుంబం ఒకటి దక్షిణాఫ్రికా వచ్చి దర్బన్‌ను చూడకుండా వెళ్లడం నాకు చిత్రంగా తోచింది.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో ఇక్కడి రేవుకు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు లక్షా యాభై రెండు వేలమందికి పైగా ఒప్పంద కూలీలుగా నేటాల్‌కు వచ్చారు, వారిలో అధిక సంఖ్యాకులు మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కినవారే. తమిళులతోపాటు విశాఖపట్నం, చిత్తూరు వైపుల నుంచి వచ్చిన తెలుగువారు కూడా వారిలో ఉన్నారు. దర్బన్ నుంచి ఉత్తరంగా సముద్రపు ఒడ్డున వెళ్తుంటే మీకు కనుచూపు మేరా పచ్చగా కనిపించే చెరకు తోటలను ఫొటో తీయకుండా ఎవరూ ఉండరు. ఆ పచ్చదనం వారి రెక్కల కష్టం. ఒప్పందం తీరి స్వతంత్రులైన తరువాత కూడా ఇక్కడే ఉండదలచినవారిమీద ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేశారు, 1913లో జరిగిన మహా సమ్మె ఆ పన్నుకు వ్యతిరేకంగానే సాగింది, మరుసటి ఏడాది పన్ను రద్దయింది. గాంధీని పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో రైలు నుంచి దింపేసిన 1893 జూన్ 7 రాత్రి గురించి మనకు బాగా తెలుసు, కానీ గనుల్లోంచి, తోటల్లోంచి పని మానేసి నడిచివచ్చిన ఆ వేలాది కూలీల గురించి మన పుస్తకాల్లో అంత లేదు. దర్బన్‌లోని 1860 వారసత్వ కేంద్రంలో వారి గురించి తెలుసుకోవచ్చు. 1931లో ఏర్పడిన ఆంధ్ర మహాసభ ఇప్పటికీ ఇక్కడ పని చేస్తోంది. చాలా కుటుంబాల్లో తెలుగు మాట పోయింది, ఇంటిపేర్లు, పండుగలు, పాటలు కొంత మిగిలాయి.

అయితే మా కథను బాధితుల కథగా మాత్రమే విని వెళ్లవద్దని మనవి. వర్ణవివక్ష పాలన మమ్మల్ని తెల్లవారి కింద, ఆఫ్రికన్లకు పైన ఒక మెట్టుమీద నిలబెట్టింది, ఆ మెట్టు కొందరికి కొన్ని లాభాలనూ ఇచ్చింది. 1949 జనవరిలో దర్బన్‌లో ఆఫ్రికన్లకూ భారతీయులకూ మధ్య జరిగిన అల్లర్లలో 142 మంది మరణించారు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద దర్బన్‌లోని కేటో మేనర్ నుంచి భారతీయులను చాట్స్‌వర్త్ వంటి చోట్లకు, ఆఫ్రికన్లను క్వామషు వంటి చోట్లకు తరలించారు. 2021 జూలైలో జరిగిన అల్లర్లలో దర్బన్ దగ్గర భారతీయులు ఎక్కువగా ఉండే ఫీనిక్స్ పేటలో 30 మందికి పైగా చనిపోయారు, వారిలో అత్యధికులు ఆఫ్రికన్లు. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. గాంధీ 1904లో నెలకొల్పిన ఫీనిక్స్ ఆశ్రమం దర్బన్ శివారులోని ఇనాండాలో ఉంది. 1985 హింసలో దాన్ని తగలబెట్టారు, తరువాత పునర్నిర్మించారు. ఆఫ్రికన్ల గురించి గాంధీ తొలి ఏళ్లలో రాసిన మాటలమీద ఇక్కడ తీవ్రమైన విమర్శ ఉంది, మీ మామగారికి అది కష్టంగా తోచినా, గైడును అడిగి వినడం మంచిది. ఆశ్రమానికి దగ్గరలోనే, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ మొదటి అధ్యక్షుడు జాన్ డ్యూబె స్థాపించిన ఒహ్లాంగె విద్యాలయం ఉంది. 1994 ఏప్రిల్ 27న మండేలా తన మొదటి ఓటు అక్కడే వేశాడు. ఈ రెండింటినీ ఒకే ఉదయం, స్థానిక గైడుతో కలిసి చూడండి, విడివిడిగా చూస్తే రెండూ సగం సగమే అర్థమవుతాయి.

యుద్ధభూముల గురించి ఎవరూ చెప్పలేదు కనుక చెప్తాను. డండీ పట్టణానికి దగ్గరలో న్కోమె అనే నది ఉంది. 1838 డిసెంబరు 16న అక్కడ డచ్ సంతతి తెల్లవారైన బోయర్లకూ జూలూలకూ యుద్ధం జరిగి, మూడు వేలమంది దాకా జూలూ యోధులు చనిపోయారు, బోయర్లలో చనిపోయినవారు లేరు. నదికి ఒక ఒడ్డున 64 కంచు బళ్లను ఆనాటి వ్యూహంలో వలయంగా నిలబెట్టిన బోయర్ల స్మారకం ఉంది. రెండో ఒడ్డున 1990ల చివర కట్టిన జూలూల స్మారకం, మ్యూజియం ఉన్నాయి. మొదటిదానిలో దేవుడు ఇచ్చిన విజయం గురించి, రెండోదానిలో భూమి పోగొట్టుకున్న రాజ్యం గురించి చదువుతారు. ఒకప్పుడు బోయర్ల ప్రతిజ్ఞా దినంగా జరిగిన డిసెంబరు 16 ఇప్పుడు సయోధ్య దినం పేరుతో జాతీయ సెలవు. ఇసాండ్ల్వానా అక్కడికి మరీ దూరం కాదు. 1879 జనవరి 22న జూలూ సైన్యం బ్రిటిషువారిని ఓడించిన ఆ మైదానంలో, చనిపోయిన బ్రిటిషు సైనికుల సమాధులను తెల్ల సున్నం వేసిన రాళ్లకుప్పలు చూపిస్తాయి. జూలూ యోధుల స్మారకం మాత్రం ఈ మధ్యకాలానిదే, శౌర్యానికి ధరించే హారం ఆకారంలో ఉంటుంది. డ్రేకెన్స్‌బర్గ్ నుంచి వస్తూ ఇక్కడ ఒక రాత్రి ఆగవచ్చు.

బాటసారి

ముగ్గురికీ కృతజ్ఞతలు. మా మామగారికి ఇవన్నీ చదివి వినిపించాను. ఆయన మపుంగుబ్వె, న్కోమె రెండూ పథకంలో ఉండాలంటున్నారు. ఉత్తరం నుంచి దక్షిణానికి అంత దూరం ఎలా అన్నది నా తలనొప్పి. జోహాన్నెస్‌బర్గ్, కేప్‌టౌన్‌ల మధ్య విమానంలో వెళ్తాం. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. మా పాప వయసు తొమ్మిది, బాబుకు పదమూడు. వర్ణవివక్ష మ్యూజియం వంటి చోట్లకు వారిని తీసుకువెళ్లవచ్చా? రెండోది, సొవెటో యాత్ర గురించి. జనం నివసించే వాడలో బస్సు కిటికీలోంచి ఇళ్లను చూస్తూ పోవడం నాకు ఇష్టం లేదు. నా మొదటి ప్రశ్నలో రెండో భాగానికి ఇంకా జవాబు రాలేదనుకుంటాను.

పాతపటం

మ్యూజియం గురించి ముందు చెప్తాను. జోహాన్నెస్‌బర్గ్‌లోని ఆ మ్యూజియంలో టికెట్టుమీద మీరు "తెల్లవారు" అనో "తెల్లవారు కానివారు" అనో యాదృచ్ఛికంగా ముద్రించి ఇస్తారు, దాని ప్రకారం వేర్వేరు ద్వారాల్లోంచి లోపలికి వెళ్లాలి. కుటుంబం అక్కడే రెండుగా విడిపోవచ్చు. మీ బాబుకు ఇది బాగా అర్థమవుతుంది. లోపలి చిత్రాలు, వీడియోలు కొన్ని తీవ్రంగా ఉంటాయి, చిన్నపిల్లలకు తగవని ఆ మ్యూజియమే సూచిస్తుంది కనుక పాపను తీసుకువెళ్లవద్దు. మీలో ఒకరు పాపతో స్టెర్క్‌ఫోంటైన్ గుహలకు వెళ్లవచ్చు, 1947లో దొరికిన ఆదిమానవజాతి కపాలం మిసెస్ ప్లెస్ అక్కడిదే. కాన్‌స్టిట్యూషన్ హిల్‌కు మాత్రం అందరూ కలిసి వెళ్లండి. గాంధీనీ మండేలానూ వేర్వేరు కాలాల్లో బంధించిన పాత కారాగారం అది. దాని ఆవరణలోనే దేశ రాజ్యాంగ న్యాయస్థానాన్ని కట్టారు, కూల్చిన ఖైదీల భవనం ఇటుకలను అందులో వాడారు. న్యాయస్థానంలోకి ప్రజలు వెళ్లి చూడవచ్చు.

సొవెటోలో మీరు చూడదలచినది 1976 జూన్ 16కు సంబంధించినదైతే, వాడలు తిరగవలసిన అవసరమే లేదు. బోయర్ల భాష అయిన ఆఫ్రికాన్స్‌లో చదువును రుద్దడాన్ని వ్యతిరేకిస్తూ ఊరేగిన విద్యార్థులమీద పోలీసులు కాల్పులు జరిపిన రోజు అది. పన్నెండేళ్ల హెక్టర్ పీటర్సన్ ఆ రోజున మరణించాడు, అతని పేరుతో ఉన్న స్మారకం, మ్యూజియం, మండేలా ఒకప్పుడు నివసించిన విలకాజి వీధి ఒకదానికొకటి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి. ఆ వాడలోనే పుట్టి పెరిగిన గైడును మాట్లాడుకుని, నడుస్తూ చూడండి. ఇళ్ల ముందు ఆగి అడగకుండా ఫొటోలు తీయకపోతే చాలు, మీకు ఇబ్బంది అనిపించేది వారికీ ఇబ్బందే. మీరు వెళ్లే రోజుల్లో జూన్ 16 పడితే అది జాతీయ సెలవుదినం, యువజన దినం. స్మారకం దగ్గర జనం ఎక్కువగా ఉంటారు, దానికి తగ్గట్టు చూసుకోండి.

టికెట్టు కొని కష్టాన్ని చూడటం సబబా అని మీరు అడిగారు. రాబెన్ దీవి జైలును చూపించేది ఒకప్పుడు అక్కడ ఖైదు అనుభవించినవారే. తాము చెప్పదలచినందువల్లే చెప్తున్నారు, వినేవారు రావాలనే కోరుకుంటున్నారు. మకులేకె విడుదుల్లో దిగినా, ఒహ్లాంగెలో స్థానిక గైడును పెట్టుకున్నా అంతే. చెప్పేది ఎవరు, డబ్బు ఎవరికి చేరుతోంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు బాగుంటే నేను వెనుకాడను. కేప్‌టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం ఇంకో ఉదాహరణ. 1966లో ఆ పేటను తెల్లవారి ప్రాంతంగా ప్రకటించి, 60 వేలమందికి పైగా జనాన్ని పంపించి, ఇళ్లను కూల్చేశారు. ఆ మ్యూజియం నేలమీద పరచిన పెద్ద పటంలో వెళ్లగొట్టబడినవారే తమ ఇళ్లు ఉన్న చోట పేర్లు రాసుకున్నారు. బయటికి వచ్చి టేబుల్ మౌంటెన్ వైపు చూస్తే, ఆ పేట స్థలంలో కొంతభాగం ఇప్పటికీ గడ్డి మొలిచి ఖాళీగా కనిపిస్తుంది. నగరం నడిబొడ్డున అంత ఖాళీ స్థలం ఎందుకుందో మీ పాపకు కూడా చెప్పవచ్చు.

కొండగాలి

బాటసారి గారూ, దూరాల లెక్క చెప్తాను. జోహాన్నెస్‌బర్గ్‌లో దిగి, మొదట మపుంగుబ్వెకు వెళ్లి, అక్కడి నుంచి పఫూరి ద్వారం గుండా క్రూగర్‌లోకి ప్రవేశించి, లోపలే విడుదులు మార్చుకుంటూ మెల్లగా దక్షిణానికి దిగండి. అలా చేస్తే ఉత్తరమా, దక్షిణమా అన్న ప్రశ్నే రాదు, కాకపోతే పార్కుకు రోజులు ఎక్కువ కేటాయించాలి. దక్షిణ ద్వారం నుంచి బయటపడి, దేశం లోపలి రోడ్ల మీదనే డండీకి, అక్కడి నుంచి డ్రేకెన్స్‌బర్గ్‌కు, చివరికి దర్బన్‌కు చేరవచ్చు. దగ్గరి దారి కదా అని ఎస్వాతినీ గుండా వెళ్లాలనుకుంటే, వీసా నియమాలు, అద్దె కారుకు సరిహద్దు దాటే అనుమతి పత్రం ముందే చూసుకోవాలి. దర్బన్‌లో కారు అప్పగించి కేప్‌టౌన్‌కు విమానంలో వెళ్లండి. జోహాన్నెస్‌బర్గ్ మ్యూజియాలను మొదటి రోజుల్లోనే పూర్తి చేసుకోవాలి, ఎందుకంటే ఈ దారిలో మళ్లీ అక్కడికి రారు. అలా చేస్తే జూన్ 16న మీరు దక్షిణాన ఎక్కడో ఉంటారు, సొవెటో రద్దీ సమస్యా ఉండదు.

హ్లుహ్లువెను ఈసారికి వదిలేయండి. మూడు వారాల్లో అది కూడా ఇరికిస్తే దర్బన్‌కు ఒక్క రాత్రే మిగులుతుంది. క్రూగర్ లోపలి విడుదులు నెలల ముందే నిండిపోతాయి కనుక మిగతా అన్నిటికంటే ముందు వాటిని ఖాయం చేసుకుని, ఆ తేదీల చుట్టూ మిగిలిన పథకం వేసుకోండి.